ఖాళీ ప్లాట్లలో పొద్దున్నే పూలు, పురుగుల ఫోటోలు తీయడం ఎలా: బ్యాగ్ సర్దుకోవడం నుంచి పేరు కనుక్కోవడం దాకా

హైదరాబాద్ శివార్లలో ఎటు పోయినా వెంచర్ వేసి, హద్దురాళ్ళు పాతి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని ప్లాట్లు కనిపిస్తాయి కదా, వానాకాలం అయిపోయే టైముకి వాటిల్లో నడుము లోతు గడ్డి, దాంట్లో గునుగు, తంగేడు, జిల్లేడు, గడ్డిచామంతి, తుమ్మి అన్నీ కలిసి మొలిచి ఉంటాయి. మాక్రో ఫోటోలు (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసేవి) నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నా లెక్కలో ఇంతకన్నా మంచి చోటు లేదు. చాలామంది కెమెరా కొనగానే అనంతగిరికో అరకుకో ప్లాన్ వేస్తారు, ఎండెక్కాక అక్కడ దిగుతారు, గబగబా రెండు కిలోమీటర్లు నడిచి ఎగిరే సీతాకోకచిలుకల వెనక పరిగెత్తి, కార్డు నిండా మసక ఫోటోలతో ఇంటికొస్తారు. ఈ పనిలో ఎంత దూరం పోయామన్నది లెక్కలోకి రాదు, ఒక్క మొక్క దగ్గర గంటసేపు కదలకుండా కూర్చోగలమా లేదా అన్నదే అసలు సంగతి. కింద చెప్పేదంతా అలా కూర్చునేవాళ్ళ కోసమే.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి

సెప్టెంబర్ మధ్య నుంచి నవంబర్ చివరి దాకా బెస్ట్ టైం. వానలు తగ్గుతాయి, పచ్చదనం ఇంకా ఉంటుంది, తెల్లవారుజామున మంచు పడటం మొదలవుతుంది. గునుగు, తంగేడు నిండా పూసేది కూడా ఇప్పుడే, బతుకమ్మకి వాటిని కోసుకోవడానికి జనం సంచులు పట్టుకుని ఇవే ప్లాట్లలోకి, పొలం గట్ల మీదకి వస్తారు. ఆ పూల మీద మొదటి హక్కు వాళ్ళది, మనం మధ్యలో ట్రైపాడ్ వేసుకుని అడ్డం కూర్చోవద్దు. గునుగు ఫోటోలు కావాలంటే గణేశ్ నిమజ్జనం అయిపోయిన వారంలోనే వెళ్ళిపోండి, సద్దుల బతుకమ్మ దగ్గర పడ్డాక వెళ్తే మిగిలేవి మొండి కాడలే.

జూన్‌లో తొలకరి పడ్డప్పుడు ఒక్కసారి మాత్రం వెళ్ళండి, ఆరుద్ర పురుగు కోసం. ఎర్ర మఖమల్ లాగా ఉండే ఆ జీవి తడిసిన మట్టి మీద కొద్దిరోజులే కనిపిస్తుంది, మళ్ళీ ఏడాది దాకా కనపడదు. దానికి ఎనిమిది కాళ్ళుంటాయి, అంటే లెక్కప్రకారం అది కీటకం కాదు, సాలీడు చుట్టం. ఫోటోకి దాంతో ఏం తేడా లేదనుకోండి.

చోటు విషయానికొస్తే ఖాళీ ప్లాట్లు, చెరువు కట్టలు, రైల్వే పట్టాల పక్క బీడు, కంది చేలు, ఇవి చాలు. అమీన్‌పూర్ చెరువు 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్ అయింది, అందరూ అక్కడికి పక్షుల కోసం పోతారు కానీ ఆ ఒడ్డున గడ్డిలో తూనీగలు కూడా బాగా దొరుకుతాయి. చేవెళ్ళ మర్రిచెట్ల రోడ్డు మీదుగా వికారాబాద్ పోయి అనంతగిరి కొండల్లో తీస్తే నీడలో పెరిగే మొక్కలు, కాస్త వేరే రకం సీతాకోకచిలుకలు వస్తాయి. విజయవాడ వాళ్ళకి మూలపాడు, విశాఖ వాళ్ళకి కంబాలకొండ ఉన్నాయి. కాకపోతే అడవి శాఖ గేటు ఉన్న చోటల్లా ఒక చిక్కుంది, వాళ్ళు తెరిచే టైముకి మనకి కావాల్సిన మొదటి గంట అయిపోతుంది. ఖాళీ ప్లాటుకి గేటు లేదు, అందుకే నా ఓటు దానికే.

ఏమేం తీసుకెళ్ళాలి

ఫోన్ ఒక్కటే ఉందా, దాంతోనే మొదలుపెట్టండి. కొత్త ఫోన్లలో మాక్రో మోడ్ ఆన్ చేస్తే అది అల్ట్రావైడ్ కెమెరాకి మారుతుంది, అప్పుడు పువ్వుకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి, ఫోన్ నీడ పువ్వు మీద పడుతుంది, పురుగైతే ఎగిరిపోతుంది. దానికి బదులు 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ మీద క్లిప్-ఆన్ మాక్రో లెన్స్ ఒకటి తగిలించండి, కొన్ని వందల్లో వస్తుంది, కాస్త దూరం నుంచి తీయొచ్చు. చవక ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా అనేది పేరుకి మాత్రమే, దాన్ని మర్చిపోండి.

కెమెరా ఉన్నవాళ్ళు వెంటనే మాక్రో లెన్స్ కొనేయాల్సిన పని లేదు. 55-250 లాంటి కిట్ జూమ్ ఉంటే దాని ముందు రేనాక్స్ డీసీఆర్-250 బిగించండి, అది 8 డయాప్టర్ల (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత పెద్దగా చూపిస్తుంది) క్లోజప్ లెన్స్, 52 నుంచి 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ సైజున్న ఏ లెన్స్‌కైనా క్లిప్ లాగా పట్టేస్తుంది. జూమ్ చివరికి తీసుకెళ్తే ఒక్క ఈగే ఫ్రేమ్‌ని చాలావరకు నింపేస్తుంది. మరీ దగ్గర అనిపిస్తే దాని తమ్ముడు డీసీఆర్-150 ఉంది, 4.8 డయాప్టర్లు, కొత్తవాళ్ళకి నిజానికి అదే సుఖం. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) 50 ఎంఎం లెన్స్‌తో బాగా పనిచేస్తాయి కానీ పురుగుకి మరీ దగ్గరగా పోవాల్సొస్తుంది, పూలకైతే ఓకే. అసలు మాక్రో లెన్సే కొంటానంటే 90 నుంచి 105 ఎంఎం మధ్యలో ఏదైనా తీసుకోండి, 60 వద్దు, సీతాకోకచిలుక ఆ దూరం ఒప్పుకోదు.

ఫ్లాష్ ఉంటే తీసుకెళ్ళండి, కానీ డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే తెర) లేకుండా వాడొద్దు. పెంకుపురుగు వీపు మీద తెల్లటి చుక్కలా లైటు మెరిసిందంటే ఆ ఫోటో పోయినట్టే. డిఫ్యూజర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు, టీవీ ప్యాకింగ్‌లో వచ్చే తెల్లటి పల్చటి ఫోమ్ షీట్‌ని రెండు మడతలు వేసి ఫ్లాష్ నుంచి లెన్స్ ముందు దాకా వంచి రబ్బర్ బ్యాండ్లు వేస్తే సరిపోతుంది. షీట్ పురుగుకి ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే వెలుగు అంత మెత్తగా పడుతుంది.

ఇంకా ఏంటంటే, కింద పరుచుకోడానికి గోనెసంచి లేదా పాత యోగా మ్యాట్ (పల్లేరు కాయల మీద మోకాలు పెట్టినోళ్ళకి దీని విలువ తెలుస్తుంది), ఊగే కాడని పట్టుకోడానికి సన్నటి కర్రకి కట్టిన బట్టల క్లిప్, నల్ల గొడుగు ఒకటి (గాలికి అడ్డం, ఎండకి నీడ), స్పేర్ బ్యాటరీ, నీళ్ళు, టోపీ, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు. సెంటు కొట్టుకోవద్దు. ట్రైపాడ్ నేనైతే పూలకి తప్ప వాడను, పురుగుల దగ్గర దాని కాళ్ళు సర్దేలోపు గడ్డంతా కదిలి అవి వెళ్ళిపోతాయి.

ముందురోజు సాయంత్రమే ఒకసారి వెళ్ళి రండి

ఈ స్టెప్పుని దాదాపు అందరూ వదిలేస్తారు, ఫలితంలో సగం తేడా వచ్చేది మాత్రం ఇక్కడే. సాయంత్రం ఐదున్నర ఆరు మధ్యలో ఆ ప్లాటుకి పోయి మెల్లగా తిరగండి, కెమెరా కూడా అక్కర్లేదు. పురుగులు రాత్రి నిద్రకి చోటు వెతుక్కునే టైం అది, ఇప్పుడు ఎక్కడ వాలి సెటిల్ అయ్యాయో పొద్దున్న దాకా చాలావరకు అక్కడే ఉంటాయి. గడ్డి కాడల చివర్లు చూడండి, ఎండిపోయిన కాడలు మరీ ముఖ్యం. పొట్ట మీద నీలం చారలుండే తేనెటీగలు, బ్లూ బ్యాండెడ్ బీ అంటారు, వాటిల్లో మగవి గూట్లో పడుకోవు, ఒక ఎండు కాడ ఎంచుకుని దాన్ని దవడలతో కరిచిపట్టుకుని అలాగే నిద్రపోతాయి, ఒక్కోసారి ఒకే కాడకి వరసగా నాలుగైదు ఉంటాయి. మర్నాడు పొద్దున రెక్కల మీద మంచుబొట్లతో అవి కదలకుండా దొరుకుతాయి, అంతకన్నా సులువైన తేనెటీగ ఫోటో ఉండదు. కాడ దగ్గర ఒక రాయి గుర్తు పెట్టుకోండి, చీకట్లో అన్ని కాడలూ ఒకేలా ఉంటాయి.

సూర్యుడు ఎటునుంచి వస్తాడు, మంచి జిల్లేడు మొక్క ఎక్కడుంది, దాని వెనక బ్యాక్‌గ్రౌండ్‌లో కరెంటు స్తంభం వస్తుందా, ఇవి కూడా అప్పుడే చూస్కోండి. వెంచర్‌కి వాచ్‌మన్ ఉంటే అతనితో మాట్లాడేయండి, "అన్నా, పొద్దున వచ్చి పూల ఫోటోలు తీసుకుంటా" అంటే ఎవరూ కాదనరు. చెప్పకుండా తెల్లారకముందు గడ్డిలో పడుకుని ఉంటే మాత్రం ప్లాటు కబ్జాకి వచ్చారేమో అని వాళ్ళకి అనుమానం రావడంలో తప్పులేదు.

పొద్దున ఏ టైముకి ఏది తీయాలి

అక్టోబర్‌లో హైదరాబాద్‌లో సూర్యోదయం ఆరుంపావు ఆ ప్రాంతంలో ఉంటుంది. ఐదుముప్పావుకల్లా చోటులో ఉండాలి. చాలా కీటకాలకి సొంతంగా ఒంటి వేడి ఉండదు, ఒళ్ళు వెచ్చబడేదాకా ఎగరలేవు, కాబట్టి మొదటి గంట మనదే.

ఆ మొదటి గంటలో నిద్రపోయే పురుగులు, అంటే నిన్న గుర్తుపెట్టుకున్న తేనెటీగలు, గడ్డి కాడకి వేలాడే తూనీగలు, తలకిందులుగా పడుకున్న చిన్న నీలి సీతాకోకచిలుకలు. లైటు మెత్తగా ఉంటుంది, గాలి ఉండదు. ఫ్లాష్ లేకుండా తీయండి, షట్టర్ స్పీడు సెకనులో 1/125 వంతు, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే సైజు) ఎఫ్8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 800 నుంచి 1600 దాకా పోనివ్వండి, నాయిస్ (ఫోటోలో వచ్చే గరుకు చుక్కలు) గురించి బెంగ వద్దు, మసకబారిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు కానీ నాయిస్‌ని చేయొచ్చు.

సూర్యుడు గడ్డి మీదకి దిగాక గునుగు. వెండి రంగు, చివర గులాబీ రంగు ఉన్న ఆ కంకి వెనక నుంచి ఎండ పడితే అంచంతా వెలుగుతుంది, సూర్యుడికి ఎదురుగా కూర్చుని తీయండి, లెన్స్ మీద ఎండ పడకుండా చేత్తోనో టోపీతోనో అడ్డం పెట్టుకోండి. వెన్నదేవి కూర మొక్కకి, అదే కామెలీనా, చిన్న నీలం పూలు తెల్లారాక విచ్చుకుని మధ్యాహ్నానికే ముడుచుకుపోతాయి, విష్ణుక్రాంతం కూడా అంతే, మధ్యాహ్నం దాటితే ఇక కనపడదు. నేలకి అంటుకుని ఉండే వీటిని నిలబడి పైనుంచి తీస్తే ఫోటో చచ్చిపోతుంది, కెమెరాని నేల మీద పెట్టేయాలి, స్క్రీన్ తిరిగేదైతే అదృష్టం.

తంగేడు దగ్గర ఒక జాగ్రత్త. ఆ పసుపు చాలా గాఢంగా ఉంటుంది, కెమెరా మీటర్ బాగానే ఉందని చెప్తుంది కానీ ఎరుపు రంగు (రెడ్ ఛానెల్) కెమెరా పట్టగలిగే హద్దు దాటేసి రేకుల మీది ఈనెలు అన్నీ మాయమై పసుపు ముద్ద మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7కి దించి, మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) కాకుండా మూడు రంగులది విడివిడిగా చూపించేది పెట్టుకోండి. ఫోన్‌లో అయితే పువ్వు మీద వేలు పెట్టి నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, బ్రైట్‌నెస్ కిందకి లాగండి. ఇంకోటి, తంగేడుకి ఆకాశం నీలం బ్యాక్‌గ్రౌండ్ బాగా కుదురుతుంది, కింద నుంచి పైకి తీయండి.

ఏడున్నర నుంచి తొమ్మిది దాకా సీతాకోకచిలుకలు రెక్కలు పరిచి ఎండ కాగుతాయి. బ్లూ పాన్సీ, లెమన్ పాన్సీ లాంటివి నేల మీద, రాళ్ళ మీద కూర్చుంటాయి, టానీ కోస్టర్ గడ్డి చివరన. గడ్డిచామంతి విచ్చుకునేది కూడా ఎండ పడ్డాకే, చిన్న నీలివి, కామన్ గ్రాస్ ఎల్లో అన్నీ దాని మీదకే చేరతాయి. తొమ్మిదిన్నర దాటాక గాలి మొదలవుతుంది, లైటు గట్టిబడుతుంది, పురుగులు ఒక్కచోట ఆగవు. అక్కడితో సర్దుకోండి, లేదా నీడలో ఆకుల కింద గొంగళి పురుగులు వెతకండి, అవి ఎక్కడికీ పోవు.

ఒక్క జిల్లేడు మొక్క దగ్గర గంట

ఇంతకుముందు చెప్పిన గంట కూర్చోవడం ఇదే. రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకుని ఉంటుంది కాబట్టి జిల్లేడుని ఎవరూ పట్టించుకోరు కానీ ఒక్క మొక్క మీద ఒక పొద్దుకి సరిపడా సబ్జెక్టులుంటాయి.

ముందు లేత చిగుళ్ళు, మొగ్గల కాడలు చూడండి. పసుపు రంగులో నల్లకాళ్ళతో గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉండేవి పేనుబంక పురుగులు. వాటిని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి, వాటి పిల్లలు కూడా, ఆ పిల్లలు తల్లిలా గుండ్రంగా ఉండవు, మొసలి పిల్లల్లా పొడుగ్గా ఉంటాయి. పేనుబంక కారే తీపి కోసం చీమలు తిరుగుతుంటాయి. కాబట్టి ఫోకస్ ముందే పేనుబంక మీద పెట్టుకుని చీమో అక్షింతల పురుగో ఫ్రేమ్‌లోకి నడిచొచ్చే దాకా ఆగండి, వెంటపడొద్దు.

తర్వాత ఆకుల అడుగుభాగం. ఆకుని తుంపకుండా మెల్లగా తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి తీగల్లాంటి కొమ్ములున్న గొంగళి పురుగు కనపడొచ్చు, అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. ఇది తినే పద్ధతి కాసేపు చూడండి, ముందు ఈనెని కొరికి పాలు కారిపోనిస్తుంది, ఆ తర్వాతే ఆకు తింటుంది, ఆ కొరికిన చోట తెల్లటి పాలబొట్టు నిలబడిన క్షణం మంచి ఫోటో. జిల్లేడు పాలలో ఉండే విషం దాని ఒంట్లో చేరి పెద్దయ్యాక కూడా ఉంటుంది, పక్షులు ఒకసారి రుచి చూస్తే మళ్ళీ ముట్టుకోవు. నారింజ రంగులో, రెక్కల చివర నలుపు తెలుపుతో పొలాల్లో తీరిగ్గా ఎగిరేది అదే, దానికి తొందరపడాల్సిన అవసరం లేదు మరి. ఇక్కడ చిన్న మెలిక, డనైడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో జాతిలో ఆడది అచ్చం దీని వేషమే వేసుకుని తిరుగుతుంది, దాంట్లో విషం లేదు. వెనక రెక్క మధ్యలో చిన్న నల్ల చుక్కలు ఉంటే ప్లెయిన్ టైగర్, లేకపోతే ఎగ్‌ఫ్లై అయ్యే ఛాన్స్ ఎక్కువ, అందుకే రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ తీసి పెట్టుకోండి.

పువ్వుల దగ్గరకి వచ్చేది గండు తుమ్మెద, పెద్దది, నల్లది, రెక్కలు ఎండలో నీలంగా మెరుస్తాయి. జిల్లేడు పుప్పొడి పొడిలాగా రాలదు, చిన్న పసుపు సంచుల జంటలా ఉండి తుమ్మెద కాలికి క్లిప్ లాగా తగులుకుంటుంది. బాగా దగ్గర నుంచి తీసిన ఫోటోలో ఆ సంచులు కాళ్ళకి వేలాడుతూ కనిపిస్తే మీ ఫోటోకి విలువ పెరిగినట్టే. తుమ్మెద నిమిషాల తేడాలో అదే గుత్తికి తిరిగొస్తుంటుంది, అది వెళ్ళిపోయినప్పుడు మీరు వెళ్ళిపోవద్దు.

ఇక జిల్లేడు మిడత, పసుపు, నీలం చారలతో ఎవరో రంగులేసినట్టు ఉంటుంది. నెమ్మది జీవి, దగ్గరికి రానిస్తుంది. కానీ గట్టిగా పట్టుకుంటే ఒంట్లోంచి ద్రవం చిమ్ముతుంది, ముట్టుకోవద్దు. ముదురు ఆకు మీద దాని మొహం ఎదురుగా పెట్టి తీస్తే సూపర్ ఉంటుంది.

ఫోకస్ ఎలా

1:1 సైజులో, అంటే పురుగు కెమెరా సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పడేటప్పుడు, ఎఫ్11 పెట్టినా కూడా క్లియర్‌గా వచ్చే లోతు దాదాపు ఒక మిల్లీమీటరే. ఆటోఫోకస్ అక్కడ అటూ ఇటూ తిరిగి టైం తినేస్తుంది. కాబట్టి మాన్యువల్‌లో పెట్టి, రింగ్‌ని ఎంత సైజు కావాలో అక్కడ ఆపేసి, ఇక రింగ్ ముట్టుకోకుండా మీ ఒంటినే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి, కన్ను షార్ప్ అయిన క్షణంలో మూడు నాలుగు ఫ్రేములు కొట్టండి. మోచేతులు మోకాళ్ళకి ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపాలి. ఎడమచేత్తో గడ్డికాడ పట్టుకుని లెన్స్‌ని అదే చేతి మీద ఆనిస్తే కాడా, కెమెరా కలిసి ఊగుతాయి, గాలిలో ఇది బాగా పనిచేస్తుంది, తేనెటీగ నిద్రపోయే కాడకి మాత్రం చేయి తగలనివ్వొద్దు.

కన్ను షార్ప్‌గా లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా డిలీటే. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉంటే పక్క నుంచి, లెన్స్‌కి రెక్క సమాంతరంగా వచ్చేలా కూర్చోండి, ఆ ఒక్క సర్దుబాటుతో ఎఫ్8కే రెక్క మొత్తం, కన్ను, అన్నీ ఒకే లోతులోకి వస్తాయి. లోతు చాలట్లేదని ఎఫ్22 దాకా పోకండి, దగ్గర నుంచి తీసేటప్పుడు 1:1 దగ్గర ఎఫ్11 అంటే నిజానికి ఎఫ్22 లెక్కే పడుతుంది, ఇంకా మూస్తే వెలుగు సన్నటి రంధ్రంలో చెదిరి, అంటే డిఫ్రాక్షన్‌తో ఫోటో అంతా మెత్తబడిపోతుంది.

ఎండెక్కాక ఫ్లాష్‌తో అయితే 1/200, ఎఫ్11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 పవర్ నుంచి మొదలుపెట్టి చూస్కోండి. ఫ్లాష్ వెలిగేది చాలా కొద్దిసేపే కాబట్టి చేతి వణుకు కూడా ఆగిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వస్తుంటే ఐఎస్ఓ పెంచండి లేదా వెనక దగ్గరగా ఒక ఆకు వచ్చే యాంగిల్ పట్టండి.

దగ్గరికి పోవడం

పురుగులకి మన ఆకారం కన్నా కదలిక, నీడ ఎక్కువ తెలుస్తాయి. మీ నీడ వాటి మీద పడిందంటే అయిపోయింది. వంగి, మోకాళ్ళ మీద, నేరుగా, పక్కలకి ఊగకుండా వెళ్ళండి. మొదటి ఫోటో దూరం నుంచే కొట్టేయండి, తర్వాత రెండడుగులకొకటి, చివరిదాకా చేరకపోయినా ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

తూనీగల దగ్గర ట్రిక్ ఉంది, చెరువు ఒడ్డున కూర్చునే రకాలు చాలావరకు ఎగిరిపోయినా మళ్ళీ అదే పుల్ల చివరకి వస్తాయి. అది లేనప్పుడు మీరు జరిగి దగ్గర కూర్చుని, పుల్ల చివర ఫోకస్ పెట్టుకుని ఆగండి. అక్టోబర్‌లో మైదానాల మీద గుంపులుగా ఆగకుండా తిరిగే పసుపు తూనీగలు ఉంటాయి, వాండరింగ్ గ్లైడర్ అంటారు, ఇవి సముద్రం దాటి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా వైపు పోయే రకం, వాలేది చాలా తక్కువ, వాటి మీద కార్డు ఖర్చు పెట్టొద్దు.

ఎప్పుడైనా సీతాకోకచిలుకో ఈగో పువ్వు మీద మరీ కదలకుండా, మీరు మొహం దగ్గర పెట్టినా ఎగరకుండా ఉందంటే సంతోషపడేముందు దాని తల కింద చూడండి. పువ్వు రంగులోనే కలిసిపోయిన పీత సాలీడు దాని మెడ పట్టుకుని ఉండొచ్చు. అప్పుడు ఫోటో సీతాకోకచిలుకది కాదు, సాలీడుది, దాని కళ్ళకి ఫోకస్ పెట్టండి.

ఒళ్ళు జాగ్రత్త

గడ్డిలో కూర్చునే ముందు కర్రతో నేల తట్టండి, రక్తపింజర లాంటివి పొద్దున్నే కదలకుండా పడుంటాయి. చేయి పెట్టే ప్రతిచోటా ముందు కన్ను పెట్టాలి. చెట్టుకో రాతికో పెద్ద కొండ తేనెపట్టు కనిపిస్తే ఫ్లాష్ కొట్టొద్దు, వెనక్కి వచ్చేయండి. జిల్లేడు పాలు చేతికి అంటితే కడుక్కునే దాకా కంటి దగ్గరకి చేయి పోనివ్వొద్దు, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించే మనకి ఇది మరీ ముఖ్యం. కంది పూల మీద నారింజ, నలుపు పట్టీలున్న పొడుగాటి పురుగులు కూర్చుంటాయి, బ్లిస్టర్ బీటిల్ అంటారు, ఒంటి మీద నలిగితే బొబ్బలొస్తాయి. శీతాకాలంలో అడవి అంచున దూలగొండి కాయలు ఎండి ఉంటాయి, వాటి నూగు తగిలితే ఆ రోజుకి ఫోటోలు బంద్. వయ్యారిభామ పడనివాళ్ళు మాస్కు పెట్టుకోండి.

చేయకూడనివి

పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తెచ్చి పూల మీద కూర్చోబెట్టి తీసే బాపతు ఉన్నారు. చూస్తే తెలిసిపోతుంది, కాళ్ళు అసహజంగా ముడుచుకుని ఉంటాయి, ఆ మొక్కకీ ఆ పురుగుకీ సంబంధం ఉండదు. నకిలీ మంచుబొట్లు కొట్టడం కూడా నాకు నచ్చదు, నవంబర్‌లో అసలువే కావాల్సినన్ని ఉండగా ఆ నీళ్ళ స్ప్రే సీసా ఎందుకు. ఫ్రేమ్‌కి అడ్డం వచ్చిన గడ్డిని పీకకుండా పక్కకి వంచి క్లిప్ పెట్టి, అయ్యాక వదిలేయండి. నేషనల్ పార్కులు, శాంక్చురీల్లో ఏదీ ఏరి తేవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులులకే కాదు, కొన్ని సీతాకోకచిలుకలకి కూడా ఉంది.

ఇంటికొచ్చాక

ముందు ప్యాంటుకి అంటుకున్న ఉత్తరేణి గింజలు, కెమెరా బ్యాగ్ జిప్పుల్లో దూరిన గడ్డి ముళ్ళు ఏరేయండి, లెన్స్ మార్చేటప్పుడు అవి లోపలికి పోతే పెద్ద తలనొప్పి. ఫోటోలు అదే రోజు కాపీ చేసి, పెద్ద స్క్రీన్ మీద 100 శాతం జూమ్‌లో కళ్ళు మాత్రం చూసుకుంటూ వేగంగా వడకట్టండి. పదిలో ఒకటి మిగిలితే బాగా తీసినట్టే, మాక్రోలో అందరికీ అంతే.

రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా కుదించని ఫైలుగా తీస్తే తంగేడు పసుపు, గునుగు వెండి రంగు వెనక్కి తెచ్చుకోవడం సులువు. శాచురేషన్ జోలికి పోకండి, ఈ రంగులకి మనం ఏమీ కలపక్కర్లేదు. కదలని పువ్వుని ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పది పదిహేను తీసి స్టాకింగ్ చేయొచ్చు, అంటే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ కలిపి ఒకే క్లియర్ ఫోటోగా మార్చొచ్చు, నిద్రపోయే తేనెటీగకీ పనిచేస్తుంది, గాలి మాత్రం ఉండకూడదు.

చివరి పని పేర్లు కనుక్కోవడం, దీనికి కావాల్సినవి మాత్రం ప్లాటులోనే తీసి ఉండాలి. మొక్కకైతే పువ్వు దగ్గర నుంచి ఒకటి, ఆకు పైన కింద, కాడ, కాయ, మొక్క మొత్తం. పువ్వు ఒక్కదాని క్లోజప్ చూసి చాలా మొక్కల్ని ఎవరూ చెప్పలేరు. పురుగుకైతే పైనుంచి, పక్క నుంచి, ఏ మొక్క మీద ఉందో తెలిసేలా ఒకటి. జీవుల ఫోటోలు పెట్టి పేరు కనుక్కునే ఐనాచురలిస్ట్ యాప్‌లో తేదీ, చోటుతో అప్‌లోడ్ చేయండి, సీతాకోకచిలుకలకి బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా సైట్ ఉంది, సెప్టెంబర్ నెలంతా దేశమంతటా బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుగుతుంది కాబట్టి ఆ టైములో పెడితే చూసేవాళ్ళు ఎక్కువ దొరుకుతారు. యాప్ సొంతంగా చెప్పే పేరుని వెంటనే నమ్మేయొద్దు, అది చాలాసార్లు మన దగ్గర దొరకని జాతి పేరు కూడా చూపిస్తుంది. ఏదో తేలకపోతే ఉత్త "మిడత" అని పెట్టి వదిలేయండి, తెలిసినవాళ్ళు చూసి సరిచేస్తారు, కొన్నిటికి రెండ్రోజుల్లో, కొన్నిటికి ఏడాది తర్వాత.